అద్దంలో కనిపించిన నల్ల బీఎండబ్ల్యూ

ప్రశ్న: మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. నా వయసు 29. నాన్నగారి నగల అంగడిలో ఆయనకు తోడుగా ఉంటున్నాను. 2015లో ఆయన కొన్న పెట్రోలు స్విఫ్ట్‌ను ఇప్పుడు నేనే నడుపుతున్నాను. పోయిన నెల, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న కాలేజీ మిత్రులు పిలిస్తే, చెన్నైకి ఇవతల ఉన్న రేసు ట్రాకులో, ఎవరి బండిని వారు ట్రాకు మీద నడుపుకునే ట్రాక్ డేకి మొదటిసారి వెళ్ళాను. మా వాళ్ళు ఒక్కో కంపెనీ బండి నడిపేవాళ్ళకు ఒక్కో పేరు పెట్టి నవ్వుకుంటుంటారు. స్విఫ్ట్ వాళ్ళు స్టిక్కర్ల బ్యాచ్, ఫోక్స్‌వ్యాగన్ పోలో వాళ్ళు అడగకుండానే పాఠం చెప్పే పండితులు, హోండా వాళ్ళు ఇంజను అరిస్తే చాలు వేగంగా పోతున్నామనుకునేవాళ్ళు, బీఎండబ్ల్యూ వాళ్ళు ఇండికేటర్ అనేది ఒకటుందని తెలియని డబ్బున్న మారాజులు. రెండో సెషన్‌లో నా వెనుక నల్ల బీఎండబ్ల్యూ ఒకటి వచ్చింది. ఇలాంటివాడికి దారి ఇవ్వకూడదనుకుని, నీలం జెండా చూపించినా రెండు ల్యాపులు, అంటే ట్రాకు చుట్టూ రెండు చుట్లు, అలాగే ముందు నడిపాను. బండ్లు ఆపుకునే పిట్‌లోకి వచ్చాక ఇన్‌స్ట్రక్టర్ చీవాట్లు పెట్టారు. ఆ బండి దిగినవారు వేలూరు నుంచి వచ్చిన డాక్టరు గారు, యాభై అయిదు దాటిన మనిషి. ఆయన నన్ను ఒక్క మాట అనకుండా, మలుపులోకి వెళ్ళేటప్పుడు బ్రేకును ఒక్కసారిగా వదిలేస్తున్నారని మాత్రం చెప్పి, నీళ్ళ సీసా చేతికిచ్చి వెళ్ళారు. సాయంత్రం నా ఏపీ 04 నంబరు చూసి ఎవరో, ‘సుమోలు వెనకాల వస్తున్నాయా?’ అని అడిగితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ పేర్లలో ఏమైనా నిజం ఉందా? సెకండ్ హ్యాండ్ పోలో కొనిస్తానని నాన్న అంటున్నారు, స్విఫ్ట్ అమ్మేయమంటారా? మళ్ళీ వెళితే ఆ మాటలకు ఏమని బదులు చెప్పాలి?

సమాధానం: మీ మూడు ప్రశ్నలకూ బదులు చెబుతాను. అంతకంటే ముందు, మీరు ప్రశ్నగా అడగకుండా నాలుగు వాక్యాల్లో చెప్పి దాటేసిన ఆ రెండు ల్యాపుల సంగతి మాట్లాడుకోవాలి. పేర్ల గొడవ సాయంత్రం టీ తాగుతూ నవ్వుకుని మరచిపోదగినదే. ఆ రెండు ల్యాపులు మాత్రం ఇద్దరి ప్రాణాలతో ముడిపడిన విషయం.

ట్రాక్ డే అంటే పందెం కాదని ఆ ఉదయం అందరినీ కూర్చోబెట్టి చెప్పే ఉంటారు. అక్కడ బహుమతి లేదు, మొదటి స్థానమూ లేదు. ముందున్న బండిని దాటడం ఆ బండి నడిపేవారి అనుమతితోనే జరగాలి: నేరుగా సాగే దారిలో ముందున్నవారు చేత్తో గాని ఇండికేటర్‌తో గాని ఎటువైపు నుంచి వెళ్ళాలో చూపించి, యాక్సిలరేటరు మీది నుంచి కాలు కొద్దిగా తీస్తే, వెనుకవారు నిశ్చింతగా దాటిపోతారు. నీలం జెండా అర్థం కూడా అదే, వెనుక మీకంటే వేగంగా వస్తున్న బండి ఉంది, వీలు చూసి దారి ఇవ్వండి అని. ఆ జెండా పట్టుకున్న మార్షల్‌కు కనిపించింది రెండు బండ్ల మధ్య వేగంలో ఉన్న తేడా. మీకు అద్దంలో కనిపించింది బానెట్ మీది గుండ్రటి గుర్తు. మార్షల్ చూసినదాన్ని పక్కన పెట్టి, మీరు చూసినదాన్నే నమ్మారు. ఇండికేటర్ వేయడం తెలియనివాడని ఎవరి గురించి నవ్వుకున్నారో ఆయన రెండు ల్యాపులు ఓపికగా వెనుక ఆగారు; ఇండికేటర్ వేయవలసిన చోట వేయనిది మాత్రం మీరు. ఇది మిమ్మల్ని నొప్పించడానికి అంటున్న మాట కాదు. ఓపిక నశించి, ఆయన బ్రేకు వేసే చోట లోపలి వైపు నుంచి దూరి ఉంటే, అటువైపు బండి ఉందని మీకు తెలియకుండానే మీరు మలుపులోకి తిప్పేవారు. ట్రాకుల మీద బండ్లు ఒకదానికొకటి తగిలేది చాలావరకు ఇలాగే. తరువాత మీ మిత్రులు ఆ ప్రమాదాన్ని కూడా ‘బీఎండబ్ల్యూ వాళ్ళంతే’ అనే లెక్కలోనే వేసేవారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. ఆ పేర్లు పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. ప్రతి పేరు అడుగున బండి తయారీకి సంబంధించిన చిన్న నిజం ఒకటి ఉంటుంది. బండి గుణాన్ని మనిషి గుణంగా చదవడం వల్ల ఆ నిజం కాస్తా పాడవుతుంది.

బీఎండబ్ల్యూ సెడాన్లనే తీసుకోండి. వాటిలో ఎక్కువ మోడళ్ళకు ఇంజను ముందున్నా, శక్తి వెళ్ళేది వెనుక చక్రాలకు. (ఆ కంపెనీ బండ్లన్నీ అలాంటివి కావు; చిన్న మోడళ్ళలో కొన్ని మీ స్విఫ్ట్ లాగే ముందు చక్రాలతో నడుస్తాయి. పేర్లు పెట్టేవారికి ఈ సంగతి అక్కరలేదు.) అలాంటి బండి మలుపు మధ్యలో ఉండగా యాక్సిలరేటరు ఎక్కువగా తొక్కితే వెనుక టైర్లు పట్టు వదిలి, తోక బయటికి జారడం మొదలవుతుంది. కొత్తవారు భయపడి కాలు ఒక్కసారిగా తీసేస్తారు. అప్పుడు బరువంతా ముందుకు వాలి, వెనుక భాగం మరింత తేలికై, బండి గిర్రున తిరిగి వచ్చిన దారి వైపే ముఖం పెట్టి నిలుస్తుంది. దానిని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఆ బండ్లలో ఉంటుంది, దానిని ఆపేసి నడిపే సాహసులూ ఉంటారు. మీ స్విఫ్ట్‌లో అదే పొరపాటు జరిగితే ఏమవుతుంది? ముందు చక్రాలు పట్టు తప్పి, బండి మీరు తిప్పినంత తిరగక, మలుపు బయటి అంచు వైపు మూడు నాలుగు అడుగులు జరిగిపోతుంది, టైర్లు కాస్త కీచుమంటాయి. రెండూ ఒకే తప్పు, కాలి తప్పు. కాని గిర్రున తిరిగిన బండిని పిట్ గోడ దగ్గర నిలబడిన వందమందీ చూస్తారు. మూడడుగులు పక్కకు జరిగిన స్విఫ్ట్‌ను ఎవరూ చూడరు. చూసినదే గుర్తుంటుంది, గుర్తున్నదే పేరవుతుంది. ఆ రోజంతా తిన్నగా నడిచిన మిగతా బీఎండబ్ల్యూలు ఎవరి జ్ఞాపకంలోనూ లేవు, ఎందుకంటే తిన్నగా నడిచిన బండి గురించి చెప్పుకోవడానికి కథ ఉండదు.

హోండా వాళ్ళ అరుపు సంగతి ఇంకా తేలిక. 1989లో జపాన్‌లో ఇంటెగ్రా కారుతో వచ్చిన వీటెక్ ఇంజను, తక్కువ వేగంలో పొదుపుగా తిరుగుతూ, ఇంజను తిరిగే వేగం (ఆర్‌పీఎం) ఒక స్థాయి దాటాక వాల్వులను తెరిచే తీరు మార్చుకుని, అక్కడి నుంచి ఎక్కువ శక్తి ఇచ్చేలా రూపొందించినది. అలాంటి ఇంజనును పైస్థాయిలో తిప్పకపోతే అందులో ఉన్న శక్తి బయటికి రాదు. కాబట్టి దానిని అరిపించేవాడు ఆ ఇంజనును ఎలా వాడాలో తెలిసి వాడుతున్నవాడు. పక్కన టర్బో బండిలో, అంటే ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే ఏర్పాటున్న బండిలో, ఉన్నవాడికి తక్కువ ఆర్‌పీఎంలోనే బలం దొరుకుతుంది గనుక అతను నిశ్శబ్దంగా పోతాడు. శబ్దాన్ని బట్టి ఒకడు ఆర్భాటపరుడని, మరొకడు గంభీరుడని తీర్పు చెప్పడం ఉరుమును చూసి వాన కొలిచినట్లుంటుంది.

పోలో పండితుల విషయంలో మాత్రం నాకూ కొంత చిరునవ్వు వస్తుంది, దాచడం దేనికి. 2010లో మన దేశంలో ఫోక్స్‌వ్యాగన్ ఆ ఒక్క కారుతోనే పోలో కప్ పందేలు మొదలుపెట్టింది. చిన్న టర్బో ఇంజనులో సాఫ్ట్‌వేర్ మారిస్తే శక్తి పెరిగే వీలుంది. 2022లో ఆ కారు ఇక్కడ ఆగిపోయాక ఉన్నవాటిని కాపాడుకోవాలనే మమకారం పెరిగింది. ఈ మూడూ కలిసి ఆ బండి చుట్టూ మాటలు పెరిగాయి. మాటలు ఎక్కువైన చోట పాఠాలు చెప్పేవారూ ఎక్కువవుతారు, అది ఏ వృత్తిలోనైనా అంతే. మీ నాన్నగారు కొనిపెడితే మీరూ ఆరు నెలల్లో పాఠాలు మొదలుపెట్టరని నేను హామీ ఇవ్వలేను.

ఇక స్విఫ్ట్. ట్రాకుకు మొదటిసారి వచ్చేవారు, అప్పు చేయకుండా రాగలిగేవారు, ఏ ఊళ్ళోనైనా విడిభాగాలు దొరకాలనుకునేవారు తెచ్చే బండి అది. కొత్తవారు ఎక్కువగా తెస్తారు గనుక కొత్తవారి తప్పులన్నీ ఆ బండి ఖాతాలో పడతాయి. ఆ ట్రాకు మీదే చరిత్ర చూడండి. చెన్నై దగ్గర, శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ 1990 నాటిది, చుట్టుకొలత 3.717 కిలోమీటర్లు. కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు రేసు బండిని తయారుచేస్తే, 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ తన పందేలను మొదలుపెట్టింది శ్రీపెరుంబుదూరులో, ఆ మారుతి బండితోనే. మీ బండికి స్టిక్కర్ల బ్యాచ్ అని పేరు పెట్టినవారు నిలబడి నవ్విన తారురోడ్డు మీద జరిగిన సంగతి ఇది. దీనిని వాళ్ళకు జవాబుగా చెప్పమని రాయడం లేదు, మీరు తెలుసుకోవాలని రాస్తున్నాను.

గుర్తును చూసి మనిషిని చదవడం ఎంత పొరపాటో తేల్చడానికి మరో సంగతి చాలు. 2019 నుంచి మారుతి బలేనో, టొయోటా గ్లాంజా అనే పేర్లతో రెండు చోట్ల అమ్ముతున్నది నిజానికి ఒకే కారు. ఇంజనూ అదే, ఒళ్ళూ అదే, ముందు భాగంలో కొద్దిపాటి మార్పులు, గుర్తు వేరు. అయినా బలేనో నడిపేవాడు ఒక రకమనీ, గ్లాంజా నడిపేవాడు నెమ్మదస్తుడనీ చెప్పేవారు నాకు కనీసం నలుగురు తెలుసు. పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టోస్‌కూ, మీరు వెళ్ళిన ట్రాకు ఉన్న ఊళ్ళోనే కర్మాగారం ఉన్న హ్యుందాయ్ వారి క్రెటాకూ పునాది ఒక్కటే. ఒకటి కుర్రకారు బండి అంటారు, ఒకటి సంసారపక్షం అంటారు. మీ నాన్నగారి అంగడికి ఎవరైనా గొలుసు తెచ్చి, పెట్టె మీద ఉన్న పెద్ద అంగడి పేరు చూపిస్తే, ఆయన పెట్టెను పక్కన పెట్టి గొలుసును గీటురాయి మీద గీస్తారు గదా. ట్రాకు మీద గీటురాయి మలుపే. నడిపేవాడు బ్రేకు ఎక్కడ మొదలుపెట్టాడు, ఎక్కడ వదిలాడు, అద్దం ఎన్నిసార్లు చూశాడు అన్నవి అక్కడ కనిపిస్తాయి. డాక్టరు గారు మీ వెనుక రెండు ల్యాపులు నడిచి మీ బ్రేకు తప్పును పట్టుకున్నారు. అదే రెండు ల్యాపుల్లో మీరు ఆయన గురించి ఏమీ తెలుసుకోలేదు.

ఈ జాడ్యం మనకొక్కరికే లేదు. అమెరికాలో మస్టాంగ్ నడిపేవారు కార్ల ప్రదర్శన నుంచి బయటికి వెళుతూ జనం మీదికి తోలుతారని హాస్యాలు నడుస్తాయి. అది కూడా శక్తి ఎక్కువగా ఉన్న వెనుక చక్రాల బండిని చల్లటి టైర్ల మీద ఆర్భాటంగా తొక్కడం వల్ల పుట్టిన పేరే. టన్ను చుట్టుపక్కల బరువుండే మాజ్దా మియాటా వాళ్ళు ఎవరు ఏ కారు గురించి అడిగినా ‘మియాటా కొను’ అంటారని మరో హాస్యం. జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్‌లో 20.8 కిలోమీటర్ల పాత ట్రాకును రుసుము కట్టినవారికి తెరిచే రోజుల్లో ఎడమవైపు నుంచి మాత్రమే దాటాలన్న ఒకే నియమం పోర్షే వాడికీ, అద్దె కారువాడికీ వర్తిస్తుంది. ఎవరు ఏ బండిలో వచ్చారన్నది ఆ నియమానికి పట్టదు గనుకనే అది పనిచేస్తుంది.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని మాట. కడప, కర్నూలు, అనంతపురం నంబర్లు చూడగానే సుమోలు గుర్తుకురావడం సినిమాలు మన నెత్తిన పెట్టిన బరువు. ముఠా కక్షలు అసలు లేవని నేను అనను, వాటిలో కొడుకులను పోగొట్టుకున్న ఇళ్ళు నాకు తెలుసు. ఆ దుఃఖాన్ని టీ దగ్గర నవ్వుకునే మాటగా మార్చడమే నాకు గిట్టదు. ఒక సంగతి చెబుతాను. టాటా సుమో 1994లో వచ్చి 2019లో ఆగిపోయింది. ఆ పేరు జపాన్ మల్లయోధులది కాదు. ఆ కంపెనీని చాలాకాలం నడిపించిన ఇంజనీరు సుమంత్ మూల్గావ్‌కర్ పేరును ఇంగ్లీషులో రాసినప్పుడు రెండు మాటల మొదట వచ్చే ముక్కలు, సు, మో, కలిపి పెట్టినది. అంటే, మనల్ని భయపెట్టే మనుషులుగా చూపించడానికి వాడుకున్న బండి ఒక ఇంజనీరు జ్ఞాపకార్థం పేరు పెట్టుకున్న బండి. మా చిన్నాన్న ఇంట్లో ఉన్న సుమో పదిహేనేళ్ళపాటు చేసిన పనల్లా పెళ్ళి బృందాలను తిరుపతికి, రోగులను కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చడం.

ఆ మాటకు మీకు ఎందుకు అంత బాధ కలిగిందో ఊహించగలను. ఆ ఉదయమే మీరు కూడా మరొకరిని అదే తీరుగా, గుర్తు చూసి, తేల్చేశారు. నంబరు ప్లేటు చూసి మిమ్మల్ని తేల్చేసినవాడికి కోపగించే హక్కు మీకు నిస్సందేహంగా ఉంది, కాని ఆ కోపంలో సగం మీ అద్దం వైపు కూడా తిరగవలసి వచ్చింది. నిద్ర పట్టకపోవడం అందుకేనని నా అనుమానం. మంచి లక్షణమే.

బండి అమ్మాలా వద్దా అన్న రెండో ప్రశ్నకు నా సలహా: అమ్మవద్దు. దీనికి కారణం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది లెక్కతో తేలే విషయం. వెయ్యి కిలోల బండి గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వచ్చి, మలుపు ముందు 60కి తగ్గిందనుకోండి. వేగం సగమైతే అందులోని శక్తి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. మిగిలిన మూడు వంతులూ, అంటే సుమారు 417 కిలోజౌళ్ళు, ఎక్కడికో పోవాలి. గాలి, ఇంజను కొంత పంచుకున్నా ఎక్కువ భాగం బ్రేకుల్లో వేడిగా మారుతుంది. 30 డిగ్రీల నీటిని సుమారు 1.4 లీటర్ల దాకా మరిగే స్థితికి తేవడానికి ఆ వేడి సరిపోతుంది. ఒక్కసారి బ్రేకు వేస్తే ఇది. ట్రాకులో ఒక్కో ల్యాపుకు ఎన్నిసార్లు వేస్తారో లెక్కపెట్టుకోండి. అదే పని డాక్టరు గారి ఒకటిన్నర టన్ను పైబడిన బండి చేస్తే దానికి యాభై అరవై శాతం ఎక్కువ వేడి పుడుతుంది. ఆ వేడిని తట్టుకునే పెద్ద డిస్కులు, వాటికి తగిన టైర్లు, వాటికి తగిన ఖర్చు అన్నీ ఆ బండితోపాటే వస్తాయి. టన్నుకు లోపు బరువుండే మీ స్విఫ్ట్ తక్కువ వేడి పుట్టిస్తుంది, టైర్లను తక్కువ అరగదీస్తుంది, తప్పు చేస్తే మెల్లగా చెబుతుంది. నేర్చుకునే దశలో ఇంతకంటే మంచి గురువు దొరకదు. శక్తి ఎక్కువున్న బండి, తిన్నటి దారిలో పరుగెత్తి, మలుపులో చేసిన తప్పును కప్పేస్తుంది. 1197 సీసీల మీ ఇంజను దేనినీ కప్పలేదు.

వేడి అంటే ఏమిటో మీ జిల్లావారికి నేను చెప్పనవసరం లేదు. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్ దిగే లారీలను చూసే ఉంటారు. తెలిసిన డ్రైవరు పైనే చిన్న గేరులో వేసుకుని, ఇంజను చేతనే బండిని పట్టి ఉంచుతూ దిగుతాడు. తెలియనివాడు బ్రేకునే నమ్ముకుని దిగితే సగం దారిలో డ్రమ్ములు కాలి పట్టు పోతుంది. కారులో ప్యాడ్లు కాలడంతోపాటు మరో ప్రమాదం ఉంది: బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలకు తక్కువ కాకుండా తట్టుకోవాలన్నది ప్రమాణం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక పాతబడేకొద్దీ ఆ హద్దు 155 డిగ్రీల వైపు దిగజారుతుంది. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నలుగుతుంది, మీరు తొక్కిన బలమంతా ఆ బుడగలను నలపడానికే పోయి, పెడల్ నేలకు అంటుకుంటుంది.

ఇది నాకు పుస్తకం నుంచి తెలిసిన విషయమే అయినా, ముప్పయ్యేళ్ళు ఆటోమొబైల్ పాఠాలు చెప్పిన తరువాత కూడా నా మీద నేను ప్రయోగం చేసుకుంటే గాని బుర్రకెక్కలేదు. పదేళ్ళ కిందట నా పాత హోండా సిటీ కారును ఒక ట్రాకుకు తీసుకెళ్ళాను. బ్రేక్ ఆయిల్ మార్చి నాలుగేళ్ళు దాటిందని నాకు తెలుసు, ‘రెండు సెషన్లకేం కాదులే’ అనుకున్నాను. అయిదో ల్యాపులో, ఒక పొడవాటి తిన్నటి దారి చివర, పెడల్ తొక్కితే మెత్తటి దిండును తొక్కినట్లు కిందికి పోయింది. రెండు మూడుసార్లు గబగబా కొట్టి, గేరు దించి, మలుపు తిరిగే ప్రయత్నం మానేసి తిన్నగా మట్టిలోకి వెళ్ళాను. బండికీ నాకూ ఏమీ కాలేదు, సైలెన్సరు నిండా ఎర్రమట్టి తప్ప. నెమ్మదిగా పిట్‌కు చేరేసరికి అక్కడ ఇద్దరు కుర్రవాళ్ళు అనుకుంటున్నారు: ‘హోండా అంకుల్స్ అంతే, ఇంజను తెలుసు, బ్రేకు తెలియదు.’ వాళ్ళ మీద నాకు కోపం రాలేదు గాని ఒకటి గమనించాను. ఆ పేరు పెట్టేశాక ఇక వాళ్ళు బ్రేక్ ఆయిల్ గురించి అడగలేదు. అడిగి ఉంటే, అదే రోజు అదే ఎండలో నడపబోతున్న తమ బండ్ల ఆయిల్ ఎంత పాతదో చూసుకునేవారు. పేరు పెట్టడంలో నాకు కనిపించే అసలు నష్టం ఇదే, కారణం వెతకవలసిన చోట మాట దొరికి పని అయిపోయినట్లనిపిస్తుంది.

కాబట్టి పోలోకు పెట్టదలచిన డబ్బులో కొద్ది భాగం తీసి స్విఫ్ట్‌కు పెట్టండి: కొత్త డాట్ 4 ఆయిల్, వేడిని తట్టుకునే మంచి ప్యాడ్లు, పగుళ్ళు లేని టైర్లు. నడిపిన వెంటనే టైరు గాలి చూస్తే నాలుగైదు పీఎస్‌ఐ పెరిగి ఉండటం మామూలు, కంగారుపడవద్దు. సెషన్ ముగిసే ల్యాపును బ్రేకు దాదాపు వాడకుండా మెల్లగా నడిపి, పిట్‌లో ఆపాక హ్యాండ్‌బ్రేకు లాగకుండా గేరులో ఉంచి, చక్రానికి రాయి పెట్టండి. బీమా పాలసీలో వినియోగ పరిమితులన్న భాగం చదవండి. పందేలకు, వేగ పరీక్షలకు వాడినప్పుడు మామూలు మోటారు బీమా వర్తించదని అందులో ఉంటుంది. అంటే గోడకు గుద్దితే ఆ ఖర్చు మీదే. ఏ బండి పోయినా మీ ఇల్లు ఇబ్బందిపడకుండా తట్టుకోగలదో ఆ బండినే ట్రాకుకు తీసుకెళ్ళాలి. ఈ ఒక్క లెక్క చూసినా ఆ పాత స్విఫ్ట్‌కు మించినది మీ దగ్గర లేదు.

అద్దంలో బండి కనిపించినప్పుడు దాని గుర్తును పూర్తిగా మరచిపొమ్మని కూడా చెప్పను, ఎందుకంటే అందులో మీకు పనికొచ్చే సమాచారం కొంత ఉంది. బరువైన, శక్తి గల బండి అయితే తిన్నటి దారిలో మీదికి త్వరగా వస్తుంది, మలుపులో కొంత వెనుకబడుతుంది. కాబట్టి తిన్నటి దారి మొదట్లోనే దారి చూపించేస్తే ఇద్దరికీ ల్యాపు పాడవదు. తేలికైన చిన్న బండి అయితే మలుపుల్లో మీకు అంటుకుని ఉండి, తిన్నటి దారిలో దాటలేక సతమతమవుతుంది. అప్పుడు మీరు కాలు కాస్త ఎక్కువగా తీయాలి. ఎలక్ట్రిక్ బండి అయితే మొదటి ల్యాపులో దూసుకువచ్చి, బ్యాటరీ వేడెక్కాక నెమ్మదించవచ్చు. అంతవరకు చదవండి. లోపల కూర్చున్నవారు మంచివారా, మదించినవారా అన్నది ఆ గుర్తు మీద రాసి ఉండదు, పైగా గంటకు నూట ఇరవైలో అది మీకు అక్కర కూడా లేదు.

మూడో ప్రశ్న, సుమో మాటకు బదులు. వాదనకు దిగవద్దు, నవ్వాలనిపించకపోతే నవ్వనూ వద్దు. ‘ఎందుకు అలా అన్నారు?’ అని మామూలు గొంతుతో అడిగి, జవాబు వచ్చే దాకా ఆగండి. హాస్యాన్ని వివరించవలసి వచ్చినవాడు చాలా త్వరగా అలసిపోతాడు. మీ మిత్రుల విషయం వేరు, వాళ్ళు కాలేజీ రోజుల నుంచి మిమ్మల్ని ఎరిగినవారు. వాళ్ళకు సూటిగా చెప్పండి: బండ్ల పేర్లతో ఎంతైనా ఆడుకుందాం, ఊరి పేరుతో వద్దు అని. ముందుగా నీలం జెండా సంగతి మీరే వాళ్ళకు చెప్పి, తప్పు నాదని ఒప్పుకుంటే ఈ మాట చెప్పడానికి మీ నోరు తడబడదు.

వచ్చేసారి వెళ్ళేటప్పుడు కడప మీదుగా 40వ నంబరు జాతీయ రహదారి పట్టండి, నేను కర్నూలు నుంచి వెళ్ళేదీ ఆ దారే. గువ్వలచెరువులో ఆగి, బ్రేకు పెడల్ మెత్తబడిందేమో ఒకసారి తొక్కి చూసుకుని, ఒక కిలో పాలకోవా కట్టించుకోండి. రాయచోటి, చిత్తూరు, రాణిపేట దాటితే శ్రీపెరుంబుదూరు దూరం కాదు. డాక్టరు గారు మళ్ళీ వచ్చి ఉంటే కోవా ఆయన చేతికిచ్చి, ఆ రెండు ల్యాపులకు క్షమాపణ చెప్పి, ఒక్క సెషన్ మీ పక్క సీటులో కూర్చోమని అడగండి. చాలా చోట్ల హెల్మెట్ ఉంటే పక్కన ఒకరిని కూర్చోనిస్తారు, ముందుగా నిర్వాహకులను అడిగి తెలుసుకోండి. బ్రేకును ఒక్కసారిగా వదలకుండా, మలుపులోకి తిప్పుతూ తిప్పుతూ కొద్దికొద్దిగా వదలడం ఎలాగో ఆయన చూపిస్తారు. ఆయన రాకపోతే కోవా మీ మిత్రులకు పెట్టండి, సుమో గురించి అడిగినాయనకు కూడా.